టీకా సరే... రుజువేదీ?

ఉగాండా వెళ్లే కుర్రాడి చేతిలో టికెట్ ఉంది, వీసా ఉంది, అక్కడి కంపెనీ పంపిన ఆఫర్ లెటర్ ఉంది. శంషాబాద్ విమానాశ్రయంలో బ్యాగుల తూకం కూడా అయిపోయింది. అప్పుడు కౌంటర్‌లో ఉన్నామె అడుగుతుంది: "ఎల్లో ఫీవర్ కార్డు ఉందా అండీ?" "ఉందండీ, మొన్న సోమవారమే వేయించుకున్నా" అంటూ తీసి ఇస్తాడు. ఆమె తేదీ చూస్తుంది. టీకా వేసి నాలుగు రోజులే అయింది. ఆ కార్డు చెల్లుబాటయ్యేది పది రోజుల తర్వాత. బోర్డింగ్ పాస్ రాదు. సాగనంపడానికి వచ్చిన వాళ్లు ఇంకా బయటే నిలబడి ఉంటారు.

ఇలాంటి అబ్బాయిలు చాలామంది ఉన్నారు. కొందరి దగ్గర కార్డే ఉండదు. కొందరి కార్డు మీద పాస్‌పోర్టులో లేని పేరు ఉంటుంది. అమెరికా వెళ్లే విద్యార్థులది ఇంకో రకం కష్టం: చిన్నప్పుడు అన్ని టీకాలూ వేయించామని అమ్మ చెబుతుంది, యూనివర్సిటీకి అమ్మ మాట సరిపోదు. టీకా వేయించుకోవడం ఒక పని. వేయించుకున్నామని పరాయి దేశపు అధికారి ఒప్పుకునేలా చూపించడం పూర్తిగా వేరే పని. ఈ రెండోదాన్ని మన దగ్గర ఎవరూ సరిగ్గా నేర్పడం లేదు. అందుకే ఈ కథనం.

దోమ దాటకూడని సరిహద్దు

ఎల్లో ఫీవర్ ఆఫ్రికాలోని, దక్షిణ, మధ్య అమెరికాల్లోని ఉష్ణమండల దేశాల జబ్బు. వైరస్ వల్ల వస్తుంది. ముదిరితే కాలేయం దెబ్బతిని ఒళ్లు, కళ్లు పచ్చబడతాయి, రక్తస్రావం అవుతుంది. ఆ దశకు చేరిన వారిలో దాదాపు సగం మంది వారం పది రోజుల్లో చనిపోతారు. వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. టీకా మాత్రం ఉంది, అదీ చాలా గట్టి టీకా.

ఈ జబ్బును మోసే దోమ మనకు కొత్తది కాదు. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ ఈజిప్టి దోమే దీన్నీ మోస్తుంది. మన ఇళ్లలో కూలర్ల నీళ్లలో, కుండీల కింది పళ్లేల్లో, మేడ మీద మూత లేని డ్రమ్ముల్లో పెరిగేది అదే. భారతదేశంలో ఎల్లో ఫీవర్ ఇంతవరకూ లేదు. దోమ ఉంది, కోట్ల జనం ఉన్నారు, వారిలో ఎవరికీ ఈ జబ్బును తట్టుకునే శక్తి సహజంగా వచ్చి ఉండదు. లేనిదల్లా వైరస్ ఒక్కటే. ఆ ఒక్కటీ విమానం దిగకుండా చూడాలన్నదే మన ప్రభుత్వ పట్టుదల. కార్డు విషయంలో భారత్ అంత కఠినంగా ఉండటానికి కారణం ఇదే, నా దృష్టిలో ఆ కఠినత్వం న్యాయమే.

దోమకూ జబ్బుకూ ఉన్న ముడిని విప్పిన చరిత్రలో మన ఊరికీ చోటుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఎల్లో ఫీవర్‌కూ దోమే కారణమని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పాడు, కానీ ఆ మాట చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం హవానాలో దాన్ని నిరూపించింది. ఆ ప్రయోగాల రోజుల్లోనే బృందంలోని వైద్యుడు జెస్సీ లజియర్ అదే జ్వరంతో కన్నుమూశాడు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో పుట్టిన మాక్స్ థైలర్ 1937లో 17డి అనే టీకా రకాన్ని తయారుచేశాడు. దానికి 1951లో నోబెల్ వచ్చింది. ఇవాళ మన భుజానికి వేసేది ఆ వంశపు టీకానే.

జాగ్రత్త తప్పితే ఏమవుతుందో 2016లో ఆసియా చూసింది. అంతకుముందు ఏడాది డిసెంబరులో అంగోలా రాజధాని లువాండాలో ఎల్లో ఫీవర్ మొదలైంది. అక్కడ పనిచేసిన చైనా కార్మికుల్లో 11 మంది జబ్బుతో స్వదేశం చేరారు. ఆసియా గడ్డ మీద ఎల్లో ఫీవర్ కేసులు నమోదు కావడం అదే మొదటిసారి. పొరుగునున్న కాంగోకూ జబ్బు పాకింది. ప్రపంచంలో ఉన్న టీకా నిల్వ చాలక, కిన్షాసా నగరంలో మామూలు మోతాదులో ఐదో వంతు చొప్పున జనానికి వేయాల్సి వచ్చింది. అంగోలా వెళ్లేవాళ్లు టీకా కార్డు చూపాలన్న నిబంధన అప్పటికే ఉంది. నిబంధన కాగితం మీద ఉండి టీకా ఒంట్లో లేకపోతే జరిగేది అదే.

పసుపు కార్డులో ఒక్కో గడి

ఆ కార్డును ఒకసారి దగ్గరగా చూద్దాం. పాస్‌పోర్టు మధ్యలో పెట్టుకునే పసుపు అట్ట పుస్తకం అది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖరారు చేసిన నమూనా. లోపల పేజీలో పైన మన పేరు, పుట్టిన తేదీ, స్త్రీ పురుష వివరం, జాతీయత, పాస్‌పోర్టు నంబరు, మన సంతకం. కింద పట్టికలో టీకా పేరు, వేసిన తేదీ, పర్యవేక్షించిన వైద్యుడి సంతకం, హోదా, తయారీ సంస్థ, బ్యాచ్ నంబరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుందన్నది, చివర కేంద్రం అధికారిక ముద్ర.

ప్రతి గడికీ ఒక కారణం ఉంది. తేదీలో నెలను అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాయమంటారు. 03, 04 అని రాస్తే మనం ఏప్రిల్ మూడు అనుకుంటాం, అమెరికావాడు మార్చి నాలుగు అనుకుంటాడు. వైద్యుడు సొంత చేత్తో సంతకం పెట్టాలి, సంతకం ముద్ర కొడితే సరిపోదు. పక్కనే కేంద్రం ముద్ర విడిగా ఉండాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్నా, ఏదైనా గడి ఖాళీగా వదిలేసినా కార్డు చెల్లదని చెప్పే హక్కు అవతలి దేశానికి ఉంది. ఒక మనిషికి ఒక కార్డు; చంటిబిడ్డకైనా విడిగానే ఇస్తారు, బిడ్డ తరఫున తల్లో తండ్రో సంతకం చేస్తారు. ఇన్ని వివరాలున్నా టీకా కేంద్రంలో కార్డు చేతికి రాగానే మనవాళ్లు సంచిలో పడేసి బయటికి వచ్చేస్తారు. అక్కడే కుర్చీలో కూర్చుని పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. తప్పుంటే ఆ గదిలోనే ఐదు నిమిషాల్లో మార్చి ఇస్తారు. ఉగాండాలో దిగాక మార్చేవాళ్లు ఎవరూ ఉండరు.

చెల్లుబాటు ఎన్నాళ్లన్న దాని మీద ఇంకా పాత మాటే తిరుగుతోంది. ఒకప్పుడు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాల్సి వచ్చేది. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ దాన్ని మార్చింది, 2016 జులై 11 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డు మీద పదేళ్ల గడువు రాసి ఉన్నా అదీ జీవితాంతం చెల్లినట్టే. ఈ సంగతి తెలియక రెండోసారి సూది పొడిపించుకుంటున్నవాళ్లు ఉన్నారు.

పది రోజుల నిబంధన మాత్రం మారలేదు. టీకా పడ్డాక ఒంట్లో రక్షణ తయారుకావడానికి అంత సమయం పడుతుంది. అలాగే, ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు కార్డు లేకుండా మన దేశంలో దిగితే, ఆ ఆరు రోజులు పూర్తయ్యే వరకూ విడిగా ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్యాధికారులకు ఉంది. వైరస్ ఒంట్లో చేరాక జ్వరం బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది, ఆ లెక్కే ఇది. నైరోబీ నుంచి బయల్దేరి దుబాయ్‌లో రెండు రోజులు ఆగి వచ్చినా లెక్క నైరోబీ నుంచే మొదలవుతుంది. నాన్నకు సీరియస్‌గా ఉందని కబురొచ్చి ఉన్నపళంగా బయల్దేరిన కొడుక్కి ఆ ఆరు రోజులు ఎంత బరువో వేరే చెప్పాలా? కార్డు పాస్‌పోర్టులో ఉండాలనడం అందుకే.

సీసా తెరిచాక ఆరు గంటలు

"మా వీధి క్లినిక్‌లో వేస్తారా?" అని అడుగుతుంటారు. వేయరు. కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వేయాలి, వాళ్లు ఇచ్చిన కార్డే చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు తెలంగాణ నలుమూలల నుంచీ వస్తారు. విశాఖపట్నంలో పోర్టు ఆరోగ్య కార్యాలయం ఉంది. కేంద్రాల జాబితా శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

అక్కడికి వెళ్లాక "ఇవాళ కాదు, ఫలానా వారం రండి" అంటే సిబ్బంది మీద కోపం తెచ్చుకోకూడదు. ఈ టీకా పొడి రూపంలో గాజు సీసాలో వస్తుంది. వాడే ముందు ద్రావణం కలుపుతారు. ఒక్కో సీసాలో పలు డోసులుంటాయి. కలిపిన తర్వాత ఆరు గంటల్లోపు వాడేయాలి, మిగిలింది పారబోయాల్సిందే. ఒక్కరి కోసం సీసా తెరిస్తే మిగతా డోసులన్నీ వృథా. అందుకే తగినంతమంది పోగయ్యే రోజులు పెట్టుకుంటారు. ఆ రోజు తప్పితే ఇంకో రోజు దాకా ఆగాలి, ఆపైన పది రోజులు. ప్రయాణానికి నెల ముందు మొదలుపెట్టమనేది ఈ లెక్క వల్లే.

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా, కోడిగుడ్డు పిండాల్లో పెంచుతారు. కాబట్టి గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, థైమస్ గ్రంథి జబ్బులున్నవాళ్లు ముందే చెప్పాలి. 60 దాటినవాళ్లకు మొదటిసారి వేసేటప్పుడు వైద్యులు ఆచితూచి నిర్ణయిస్తారు. టీకా పడనివారికి వైద్య కారణంతో మినహాయింపు పత్రం ఇస్తారు. దాన్ని అవతలి దేశం పరిశీలిస్తుంది, కానీ ఆ పత్రం చూపగానే తలుపు తెరుచుకుంటుందన్న హామీ లేదు. ఆఫ్రికాలో పనిచేస్తున్న కొడుకు దగ్గరికి వెళ్లాలనుకునే తల్లిదండ్రులు టికెట్ కొనేముందే వైద్యుడితో మాట్లాడాలి.

ఈ శ్రమ తప్పించుకోవడానికి దొడ్డిదారులు చూపే ఏజెంట్లు ఉన్నారు. సూది లేకుండా కార్డు ఒక్కటే ఇప్పిస్తామంటారు, పాత తేదీ వేయిస్తామంటారు. పట్టుబడితే కేసు పడేది ఏజెంటు మీద కాదు, కార్డు చూపిన మనిషి మీద. పట్టుబడకపోతే ఇంకా ఘోరం, ఒంట్లో రక్షణ లేకుండా జ్వరం ఉన్న ఊళ్లో దిగుతాడు. అప్పుచేసి ఫీజు కట్టిన కుటుంబానికి ఏజెంటు చేసే అతి పెద్ద ద్రోహం ఇదే.

కార్డు మీద దేశాల మధ్య కూడా గొడవలు జరిగాయి. 2012 మార్చిలో దక్షిణాఫ్రికా 125 మంది నైజీరియన్లను జొహానెస్‌బర్గ్ నుంచి వెనక్కి పంపేసింది, వాళ్ల ఎల్లో ఫీవర్ కార్డులు సరైనవి కావని. నైజీరియా కూడా దక్షిణాఫ్రికా వాసులను తిప్పి పంపింది. చివరికి దక్షిణాఫ్రికా క్షమాపణ చెప్పుకుంది.

అమెరికా అడిగేది, మన కార్డులో లేనిది

ఇక విద్యార్థుల సంగతి. తెలుగు ఇళ్లలో ఏటా జులై, ఆగస్టు వచ్చేసరికి మొదలయ్యే హడావిడి ఇది.

"అమ్మా, నా చిన్నప్పటి టీకాల కార్డు ఎక్కడుంది?"

"ఇల్లు మారినప్పుడు ఎటు పోయిందో నాన్నా. అన్నీ వేయించాంగా, అంగన్‌వాడీలోనే వేశారు."

కార్డు దొరికినా కష్టం తీరదు, అసలు చిక్కు అక్కడే ఉంది. చాలా అమెరికా యూనివర్సిటీలు ఎంఎంఆర్ రెండు డోసులు అడుగుతాయి. అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఈ మూడింటికీ కలిపి వేసే టీకా. మొదటి డోసు మొదటి పుట్టినరోజు తర్వాతే పడి ఉండాలి. రెండింటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఇప్పుడు కాలేజీ దాటుతున్న మన పిల్లలకు చిన్నప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలో పడింది తట్టు టీకా ఒక్కటే, అదీ తొమ్మిదో నెలలో. మన దగ్గర తొమ్మిదో నెలలో వేయడం సరైన పనే. తట్టు పసివాళ్లను ముందే కబళించే చోట ఏడాది దాకా ఆగడం ప్రమాదం. కానీ అమెరికా లెక్కలో ఆ డోసు లేనట్టే. 2010 నుంచి రెండో తట్టు డోసు మొదలైంది. 2017లో రెండు తెలుగు రాష్ట్రాల్లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం జరిగింది, తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు బడుల్లోనే వేశారు. వేలికి మార్కరు గీత గీయించుకున్న ఆ రోజు చాలామంది పిల్లలకు గుర్తుండే ఉంటుంది. అందులోనూ గవదబిళ్లల టీకా లేదు. మన సార్వత్రిక కార్యక్రమంలో గవదబిళ్లల టీకా ఎప్పుడూ లేదు.

అంటే, ప్రభుత్వం చెప్పిన ప్రతి టీకానూ తప్పకుండా వేయించిన తల్లి కూడా అమెరికా అడిగే కాగితం చూపించలేదు. ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర ఎంఎంఆర్ వేయించిన ఇళ్లకే ఆ కాగితం ఉంటుంది. టీకాల విషయంలో తప్పు చేశామేమోనని కుమిలిపోయే తల్లిదండ్రులకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది: మీ వైపు లోపం లేదు, రెండు దేశాల పట్టికలు వేరు.

దారి ఉంది. రక్తపరీక్ష చేయిస్తే ఈ మూడు జబ్బులకూ ఒంట్లో ప్రతిరక్షకాలు ఉన్నాయో లేదో తెలుస్తుంది, చాలా యూనివర్సిటీలు ఆ రిపోర్టును ఒప్పుకుంటాయి. లేదంటే ఎంఎంఆర్ రెండు డోసులు ఇప్పుడు కొత్తగా వేయించుకోవచ్చు. ఇదివరకే రక్షణ ఉన్నవాళ్లకు మళ్లీ పడినా హాని లేదు. టెక్సస్‌లో కాలేజీలో చేరే 22 ఏళ్లలోపు వాళ్లకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి, అదీ తరగతులు మొదలవడానికి పది రోజుల ముందు. క్షయ పరీక్ష దగ్గరా మనవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. పుట్టగానే వేసిన బీసీజీ వల్ల చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షకు ఆ గందరగోళం ఉండదు, దాన్నే అడిగి చేయించుకోవాలి.

హజ్‌కు వెళ్లేవారికి మెనింజైటిస్ సంగతి బాగా తెలుసు. 2000, 2001 సంవత్సరాల్లో హజ్ యాత్రికుల్లో డబ్ల్యూ135 రకం మెనింజైటిస్ చెలరేగాక సౌదీ అరేబియా నాలుగు రకాలకూ పనిచేసే టీకాను తప్పనిసరి చేసింది. వెళ్లేముందు టీకా, ఆరోగ్య పత్రం అంతా హజ్ కమిటీల ఆధ్వర్యంలో ఒక పద్ధతిలో జరిగిపోతుంది. ఆఫ్రికా వెళ్లే కార్మికుడికీ, అమెరికా వెళ్లే విద్యార్థికీ అలా చెయ్యిపట్టి నడిపించే ఏర్పాటు లేదు.

ఇంటిపేరు ముందా, వెనకా

కరోనా కాలంలో ఈ రుజువు కష్టం దేశం మొత్తానికీ ఒకేసారి తెలిసొచ్చింది. 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. కోవిన్ సర్టిఫికెట్ క్యూఆర్ కోడ్‌తో సహా ఫోన్‌లోకి వచ్చేది. అంత పెద్ద దేశం అంత వేగంగా అలాంటి పత్రం ఇవ్వడం చిన్న విషయం కాదు. కానీ అందులో పేరు ఆధార్‌లో ఉన్నట్టు ఉండేది. మన తెలుగువాళ్ల పేర్లు ఆధార్‌లో ఒక రకం, పాస్‌పోర్టులో ఇంకో రకం. ఒకచోట ఇంటిపేరుకు ఒక్క అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు చివర. కౌంటర్‌లో కూర్చున్న విదేశీ ఉద్యోగికి ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని ఎలా తెలుస్తుంది? 2021 జూన్‌లో పాస్‌పోర్టు నంబరు జతచేసే వీలు, పేరు ఒకసారి సరిదిద్దుకునే వీలు కోవిన్‌లో వచ్చాయి.

తర్వాత బ్రిటన్‌తో వివాదం. సెప్టెంబరు 22న బ్రిటన్ కోవిషీల్డ్‌ను గుర్తించింది, అయినా మన సర్టిఫికెట్‌ను ఒప్పుకోలేదు. అందులో పూర్తి పుట్టిన తేదీ లేకపోవడం చర్చకు వచ్చింది. భారత్ అక్టోబరు 4 నుంచి బ్రిటన్ ప్రయాణికులకు పది రోజుల క్వారంటైన్ పెట్టింది. అక్టోబరు 11 నుంచి బ్రిటన్ దిగొచ్చింది. కోవిన్ అంతర్జాతీయ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ చేరింది.

కోవాగ్జిన్ వేయించుకున్నవారిది ఇంకా పెద్ద వేదన. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన టీకా అది, మన వాళ్లు సొంత ఊరి టీకా అని ఇష్టంగా వేయించుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం 2021 నవంబరు 3న గానీ రాలేదు. అప్పటిదాకా చాలా దేశాల దృష్టిలో వాళ్లు టీకా వేసుకోనివారే. అమెరికా నవంబరు 8న టీకా వేసుకున్న విదేశీయులకు తలుపులు తెరిచింది, ఐదు రోజుల తేడాతో వీళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

ఇక ముందు

అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను 2024లో సవరించారు, టీకా పత్రం డిజిటల్ రూపంలోనూ ఉండవచ్చని అందులో రాసుకున్నారు. మన దగ్గర యూవిన్ వేదికను 2023లో కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టి తర్వాత దేశమంతా విస్తరించారు. ఇప్పుడు పుట్టే బిడ్డకు వేసే ప్రతి టీకా అందులో చేరుతుంది, సర్టిఫికెట్ ఫోన్‌లోనే దొరుకుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ బిడ్డ "అమ్మా, కార్డేదీ?" అని అడగక్కర్లేదు. ఇది నిజంగా సంతోషించాల్సిన మార్పు.

మధ్యలో మిగిలిపోయింది ఇప్పుడు బీటెక్ చదువుతున్న తరం. వాళ్ల టీకాలు ఏఎన్ఎమ్‌లు చేత్తో రాసిన రిజిస్టర్లలో ఉన్నాయి. సొంతూరి సబ్‌సెంటర్‌కు వెళ్లి అడిగితే కొన్నిచోట్ల ఆ పుస్తకాలు ఇంకా దొరుకుతాయి, కొన్నిచోట్ల చెదలపాలయ్యాయి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఉన్నవాటినైనా స్కాన్ చేయించాలి. వాటిని చూసి పీహెచ్‌సీ వైద్యాధికారి ఇంగ్లీషులో ఒకే నమూనాలో సర్టిఫికెట్ రాసిచ్చేలా ఉత్తర్వు ఇవ్వాలి. తొమ్మిదో నెల తట్టు డోసుకు విలువ లేకపోయినా పోలియో, ధనుర్వాతం లాంటివాటికి ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలు కూడా విదేశీ చదువుల సదస్సులో వీసా గురించీ బ్యాంకు రుణం గురించీ చెప్పినట్టే టీకాల గురించి ఒక గంట చెప్పాలి. ఎంఎంఆర్ రెండు డోసులకే 28 రోజుల ఎడం. ఆ లెక్కన ఆగస్టులో విమానం ఎక్కే విద్యార్థికి మొదటి సూది ఆలస్యమైతే జూన్‌లో, వీలైతే మే నెలలోనే పడాలి.